ఖాళీ వలకి పండగ

ఫ్రెంచి మాస్టారు పోయారని మందస బస్సు కండక్టరు చెప్పాడు. పలాస స్టేషను ఎదుట నా కొట్టు ముందు బస్సాపి, టీ కూడా అడక్కుండా, "బాబూ, మాస్టారు తెల్లారగట్ల ఎలిపోనారు. నిద్దట్లోనేనట" అన్నాడు. ఆలస్యమైందని బస్సులో ఒక్కరూ విసుక్కోలేదు. మా ప్రయాణికులను ఎరిగినవారికి అదెంత మర్యాదో తెలుస్తుంది.

ఆయన ఫ్రాన్సు దొర కాదు. యానాంలో పుట్టిన తెలుగువాడు. ఆ ఊరు అప్పట్లో ఫ్రెంచివాళ్ళది కనుక కాగితాల మీద ఫ్రెంచివాడు. పుదుచ్చేరిలోనూ, ఓడెక్కి వెళ్ళి సైగాన్‌లోనూ వాళ్ళ సిపాయిల జట్టుకు గోల్‌కీపరుగా ఆడారు. యానాంలో ఆ జెండా దిగిన ఏడాది ఫ్రాన్సు పొమ్మంటే పోనని, అత్తవారి ఊరు మందస వచ్చేశారు. ఎందుకండీ అంటే, అక్కడ పనసపొట్టు కూర దొరకదన్నారు. మా ఉద్దానం పనసపొట్టు గురించి నేను మొదలుపెడితే ఇక ఫుట్‌బాల్‌కి చోటుండదు, ఆపుతున్నాను.

బంతులు తగిలి వంకరపోయిన వేళ్ళతో జీడిపిక్కలు ఒలిచి, ముందు ఎదుటివాడి చేతిలో పెట్టేవారు. ఆట అయ్యాక, తప్పు చేసిన ఆటగాడితో కలిసి నడిచేవారు. "ఓడినవాణ్ణి ఇంటిదాకా దిగబెట్టాలండి. నెగ్గినవాడికి దారి తెలుసు" అనేవారు.

మా టెక్కలి క్లబ్బువాళ్ళు ఆయన్ని కోచ్‌గా పెట్టుకున్నారు. ఆయన వస్తూనే వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒక మత్స్యకారుణ్ణి తెచ్చి గోలీగా, అంటే గోల్‌కీపరుగా, నిలబెట్టారు. అంతవరకూ ఆ చోటు క్లబ్బు ప్రెసిడెంటుగారి బావమరిదిది. బావమరిది బ్రహ్మాండంగా దూకేవాడు. బంతే రెండోవైపు వెళ్ళేది. "దూకడం గొప్ప కాదండి, దూకక్కర్లేని చోట నిలబడ్డం గొప్ప" అన్నారు మాస్టారు.

ఆ మాట ప్రెసిడెంటుగారికి గుచ్చుకుంది. ఇచ్ఛాపురం జట్టుతో ఆటకు ముందు నలుగురిలో అనేశారు. "ఇది నెగ్గకపోతే మీరూ, మీ గోలీ ఇద్దరూ ఎల్లిపోవాల. ఏటంతారు?"

"ఆయ్, అలాగేనండి. మరి నెగ్గితేనండి?"

"నెగ్గితే ఉండండి."

గోలు కర్రల వెనక కట్టడానికి పాత వలలు తీరం నుంచే వచ్చాయి. వాటితో బళ్ళు కట్టుకుని గోలీ ఊరంతా వచ్చింది. ఆటంటే ఏమిటో ఎరగని జనం. కాసేపటికి ఇచ్ఛాపురంవాడు తన్నిన బంతి మా గోలీని దాటి వల్లో పడింది. తీరంవాళ్ళంతా లేచి ఈలలు వేశారు. "మన వల్లోన పడ్డాది బావా, ఇంకేటి కావాల" అని గోలీ మేనమామ పక్కవాణ్ణి వాటేసుకున్నాడు.

ప్రెసిడెంటుగారి మొహం మాడిపోయింది. మాస్టారు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి, వాళ్ళ దగ్గరికి వెళ్ళారు.

"బాబాయ్, మన వల ఖాళీగా ఉంటేనేనండి ఇక్కడ పండగ."

"కాళీ వలకి పండగేటి బాబూ" అన్నాడు మేనమామ, జాలిగా.

తర్వాత మావాళ్ళు బంతిని రెండుసార్లు అవతలి వల్లో వేశారు. ఇక నెగ్గినట్టే అనుకుంటుండగా ఇచ్ఛాపురానికి పెనాల్టీ దొరికింది. మా గోలీ, మాస్టారు నేర్పిన అలవాటుగా, అటు కర్రనూ ఇటు కర్రనూ ఓసారి తాకి మధ్యలో నిలబడ్డాడు. "దూకరా, దూకు" అని బావమరిది అరుస్తున్నాడు. మాస్టారి వంకర వేళ్ళు కండువా అంచును మెలిపెడుతున్నాయి.

గోలీ దూకలేదు. నేరుగా గుండెల మీదికొచ్చిన బంతిని, జారిపోయే చేపను అదిమినట్టు అదిమేశాడు.

మైదానమంతా హోరెత్తింది. తీరంవాళ్ళు మాత్రం తొందరపడలేదు. మేనమామ వల దగ్గరికెళ్ళి, వంగి, నిదానంగా చూసొచ్చి "కాళీయే" అని చెప్పాకే ఈలలు వేశారు.

ఇద్దరూ ఉండిపోయారు. మాస్టారు ఇసకలో కుర్రాళ్ళను గోలీలుగా తయారుచేస్తూనే ముసలివారయ్యారు.

ఆయన్ని కడసారి సాగనంపి ఆ సాయంత్రం తీరానికి వెళ్ళాను. ఆరోజు పడవలు వెయ్యలేదు. రెండు కొబ్బరిచెట్ల మధ్య ఒక వల కట్టి ఉంది. మా గోలీ దాని ముందుకు నడిచి, అటు చెట్టునూ ఇటు చెట్టునూ తాకి, మధ్యలో నిలబడ్డాడు. ఎవరూ బంతి తన్నలేదు. అతని వెనక వల గాలికి నిండి, మళ్ళీ ఖాళీ అయింది.