అన్నకు దిగని బీపీ

2006 జూన్‌లో కర్నూలు నుంచి కడపకు మారి, అక్కడ ఒక ఆసుపత్రిలో ఫిజీషియన్‌గా చేరాను. వార్డు పనికి తోడు బీపీ రోగుల వ్యాయామ క్లినిక్ కూడా నాకే అప్పగించారు. కదలని సైకిలు మీద కాసేపు జోరుగా, కాసేపు నెమ్మదిగా, మళ్లీ జోరుగా తొక్కించేవాళ్లం. దీన్నే ఇంటర్వెల్ ట్రైనింగ్ అంటారు. మాత్రలు వాడుతూనే ఇది చేయాలి.

మైదుకూరులో నూనె అంగడి నడిపే అన్నదమ్ములు సుబ్బయ్యశెట్టి, రమణయ్యశెట్టి కలిసి వచ్చేవారు. వాళ్ల నాన్న పక్షవాతంతో పోయాడు. కొన్ని నెలలకు తమ్ముడు రమణయ్య బీపీ బాగా దిగింది. ఒక మాత్ర తగ్గించాను. అన్నది దిగలేదు, ఆయనకు మోతాదు పెంచాను.

"మీరు జూసేటప్పుడే తొక్కుతాడు, ఇంటికాడ ఊరగాయ కుమ్మేస్తాండాడమ్మా" అని రమణయ్య నవ్వాడు. సుబ్బయ్య చెప్పులేసుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత క్లినిక్‌కు రాలేదు. కబురు పంపినా రాలేదు.

చలికాలంలో ఒక ఉదయం అంగడిలోనే కూలిపోయాడు. తీసుకొచ్చేసరికి కుడి చెయ్యి, కాలు కదలడం లేదు. స్కాన్‌లో మెదడులో రక్తస్రావం కనిపించింది. "తమ్మునికి తగ్గింది నాకెందుకు తగ్గదని మాత్రలు ఇసిరేసి, రోడ్డెంబడి పరిగెత్తుతాండె. శానా పంతం పట్టినాడమ్మా" అంది ఆయన భార్య.

వార్డు బయట రమణయ్య నన్ను ఆపాడు. "ఒకే కడుపున పుట్టినోళ్లం గదమ్మా. నాకు దిగింది, మా అన్నకెందుకు దిగలే?"

అన్నదమ్ములైనా తల్లిదండ్రుల జన్యువులు ఇద్దరికీ ఒకే రకంగా రావని చెప్పాను. రక్తనాళాలు సడలే తీరు, మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచే తీరు కొంతవరకు వాటిని బట్టే ఉంటాయి. ఏ జన్యువు వల్లో తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. కానీ సుబ్బయ్య వ్యాయామం ఎగ్గొట్టలేదని మాత్రం నాకు తెలుసు. మొదట్లో ఇట్టే ఆయాసపడిన మనిషి, చివరికి సైకిలు బిగువు పెంచినా తేలిగ్గా తొక్కేవాడు. దమ్ము పెరిగింది, బీపీ మాత్రం దిగలేదు.

రమణయ్య లోపలికి వెళ్లి అన్న ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. "తప్పుగా అంటినన్నా."

సుబ్బయ్య నోట మాట ముద్దగా వచ్చింది. "తొక్కినాను... రా."

ఆయన బతికాడు. కుడి చెయ్యి తిరిగి స్వాధీనంలోకి రాలేదు.

ఆ తర్వాత నా సర్వీసు ముగిసేదాకా, సైకిలు ఎక్కించే ముందే ప్రతి రోగికీ, వెంట వచ్చినవాళ్లకీ ఒక మాట చెప్పాను: వ్యాయామం అందరికీ మేలు చేస్తుంది, బీపీని మాత్రం అందరికీ ఒకేలా దించదు. దిగకపోతే మందు మార్చాలి, మనిషిని అనుమానించకూడదు.