గళ్ళ కాగితం మీద గుండె

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ లేదు. ఇరవై రెండేళ్ల వయసు, అనంతపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసే ఉద్యోగం, చేరి తొమ్మిది రోజులు. గర్వానికి ఇంతకన్నా ఏం కావాలి? మంచమెక్కిన ప్రతివాళ్లకూ గుండెలోని కరెంటు గురించి ఉపన్యాసమిచ్చేవాణ్ణి. (వైర్లు తగిలించాక పారిపోలేరు కదా.)

ఒక మధ్యాహ్నం డాక్టరుగారు "గీత తేడాగా ఉంటే మనిషిని ఆపు, లేకుంటే పంపించు" అని చెప్పి భోజనానికి వెళ్లారు. వెంటనే ధర్మవరం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. గళ్ళ కాగితం మీద పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే మనిషి. వారంలో రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాడట. అయినా మూడు గంటల బస్సుకు వెళ్లిపోవాలని ఒకటే తొందర. ఈసీజీ తీసి, గీత పడిన గళ్ళ కాగితం చేతికిచ్చి మొదలుపెట్టాను. "గుండె పైన ఒక ముడి ఉంటాది పెద్దాయనా. కరెంటు ఆడ పుడతాది. నడుమ ఇంకో ముడి కాడ రవ్వంత ఆగి కిందికి దిగుతాది. ఈ చిన్న గుట్ట పై గదులది, ఈ పెద్ద మొన కింది గదులది. నీకంతా బాగుండాది, పోయిరా."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని గోటితో గళ్ళు లెక్కపెట్టాడు. "గుట్టకూ మొనకూ నడుమ ఈడ ఐదు గళ్ళు. దీని పక్కన ఏడు. దాని పక్కన తొమ్మిది. నాలుగో గుట్టకు మొనే లేదేమప్పా?"

"కరెంటు హెచ్చుతగ్గుల్లే" అన్నాను. (మా ఊళ్లో ఏ తప్పుకైనా అదే సమాధానం.)

"కరెంటు తప్పితే యాడంటే ఆడ తప్పుతాది. ఇది చూడు, మళ్లా ఐదు, ఏడు, తొమ్మిది, మళ్లా నాలుగోదే లేదు. ఇట్ల లెక్కగా తప్పేది తప్పు గాదప్పా, డిజైను."

కాగితం లాక్కుని నేనూ లెక్కపెట్టాను, ఆయన లెక్కే నిజం. బస్సు పోతాదంటూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్న ఆయన్ను బలవంతంగా పడుకోబెట్టి, చెప్పుల్లేకుండా డాక్టరుగారింటికి పరిగెత్తాను. ఆయన పెరుగన్నం సగంలో వదిలేసి వచ్చారు. నడిమి ముడి దగ్గర కరెంటు ఆగిపోతోందని, బస్సెక్కించి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని అన్నారు. ఏం మాత్రలు వేసుకుంటున్నావని అడిగితే, బీపీకి తనదొకటి, ఇంట్లో ఆమెది ఒకటి అన్నాడు పెద్దాయన. ఆమె మానేసిందట. "పారేస్తే వేస్టు గాదా సార్."

"ఇంత సన్న తేడా ఎవరు పట్టినారు?" అన్నారు డాక్టరుగారు. నేను వైర్లు చుట్టబెట్టే పనిలో పడ్డాను.

"ఈ పిల్లోడే సార్. గళ్ళు లెక్కపెట్టి పట్టినాడు" అన్నాడు పెద్దాయన, నా వైపు చూడకుండానే. డాక్టరుగారు నా భుజం తట్టారు. నేను తట్టించుకున్నాను.

ఆ రెండు మాత్రలూ కలిసే నడిమి ముడిని మందగింపజేశాయట; వాటిని మాన్పించి మూడు రోజులు ఉంచుకుంటే ఆయన గీత చక్కబడింది. నా ఉద్యోగమూ పర్మనెంటయింది. "నేను కాదు సార్, ఆయనే" అనడానికి ఎంతసేపు పడుతుంది? గంటసేపు ఉపన్యాసమివ్వగల ఆ కుర్రవాడికి ఆ ఒక్క ముక్క నోటికి రాలేదు. వాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. ఆలస్యమే అయింది, అయినా రాస్తున్నాను. పట్టింది ఆయనే.