కోల్డ్ స్టోరేజీకి వెళ్లిన మా లైబ్రరీ

మీకు సిగ్గు లేదు. సోమవారం పొద్దున మా కాలేజీ లైబ్రేరియన్ మేడమ్ పోయారని తెలియగానే పాత విద్యార్థుల గ్రూపులో వరసగా దండం బొమ్మలు పెట్టారు. ఆవిడ ఉద్యోగకాలమంతా పోగుచేసిన పాత ఫొటోలు, కరపత్రాలు ఇప్పుడు ఎక్కడున్నాయని ఒక్కరూ అడగలేదు. నేను చెబుతాను. కోల్డ్ స్టోరేజీలో గోనెసంచుల్లో, మిర్చి టిక్కీ బస్తాల పక్కన ఉన్నాయి.

రీడింగ్ రూమ్ వెనక చిన్న గది గుర్తుందా? అందులో రాజుల సంగతులేం లేవు. కూలి రేట్ల కోసం వేసిన కరపత్రాలు, ఊళ్లలో ఆడిన నాటకాల నోటీసులు, పొగాకు పనికి వెళ్లిన ఆడవాళ్ల ఫొటోలు, చర్చి పాటలు రాసుకున్న పుస్తకాలు. ఎవరింటికి వెళ్లినా మేడమ్ ముందు మంచినీళ్లు అడిగేవారు. తర్వాత, "ఈ ఫొటోలో ఎవరమ్మా?" అనేవారు. చెప్పిందంతా విన్నాకే అసలు మాట. "ఇది మీదే. మా దగ్గర ఉంటుందంతే. చూడాలనిపించినప్పుడు రండి." జనం ఆ మాట నమ్మి ఇచ్చారు. కాలేజీ బోర్డు చూసి ఇచ్చారనుకునేవాళ్ల తెలివికి నా నమస్కారం.

దర్శి వైపు నుంచి మిరప కోతలకు వెళ్లే ఒకామె అలాగే ఒక ఫొటో ఇచ్చింది. వాళ్లమ్మ తమ పేటలో రాత్రిబడి నడిపేది. పిల్లల మధ్య నల్లబల్ల పట్టుకుని నిలబడిన ఆ ఫొటో తప్ప ఆవిడది మరొకటి లేదు. ఇల్లు కురుస్తుందని మేడమ్ చేతికిచ్చింది. ఏటా ఈస్టర్ వెళ్లాక వచ్చి చూసుకునేది. మేడమ్ తన కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను.

"ఈ ఏటితో మాయమ్మకంటే నేనే పెద్దదాన్నయ్యానండీ."

"అయితే ఇవాళ నువ్వే ఆమెకు బుద్ధులు చెప్పు."

ఇద్దరూ నవ్వారు.

తర్వాత ఆ గది సెమినార్ హాలుకి కావాల్సొచ్చింది. మా కాలేజీ కమిటీ పెద్దమనిషికి కోల్డ్ స్టోరేజీ ఉంది. "మిరపకాయకే రంగు పోదు, మీ కాగితాలకేం అవుద్ది మేడమ్?" అన్నాడు. "బయటికి తీస్తే చెమ్మ పడుతుందండీ. మిరపకాయైతే ఆరబెట్టుకోవచ్చు. ఫొటోలో మనిషి మొహం ఊడిపోద్ది" అన్నారావిడ. మీటింగంతా నవ్వింది. సెలవుల్లో లారీ వచ్చింది.

ఆయన కావాలని పాడుచేశాడని నేననను. దాచుకోదగ్గదేదైనా కోల్డ్ స్టోరేజీకే పంపాలని నమ్మే నేల మనది. కానీ మిర్చి పంపే ముందు రైతును అడుగుతారు. ఈ మనుషుల్ని ఎవరడిగారు?

మొన్న ఈస్టర్ అయ్యాక దర్శి ఆమె యథాప్రకారం వచ్చింది. ఆ గదిలో ప్రొజెక్టర్ ఉంది. అప్పటికే రిటైరైన మేడమ్ కబురు తెలిసి ఆటోలో వచ్చి, మెట్ల మీద ఆమె పక్కన కూర్చున్నారట. ఆ తర్వాత ఆసుపత్రిలో నాతో అన్నారు: "మాటిచ్చింది నేను నాయనా, కాలేజీ కాదు." అవే ఆవిడ నోట నేను విన్న చివరి మాటలు.

ఇప్పుడు ఆ హాల్లోనే మేడమ్ సంస్మరణ ప్రదర్శన. మేడమ్ ఎప్పుడో తీయించిన జిరాక్సులకు అద్దాలు బిగించారు. రాత్రిబడి ఫొటో కింద "గ్రామీణ జీవనం" అని చీటీ అంటించారు. అంటే, ఆ తల్లికి పేరు లేదన్నమాట. మీరు సెల్ఫీలకు ఎలాగూ వస్తారు. రండి. వచ్చి ఇవి అడగండి.

సంచులన్నీ వెనక్కి తేవాలి.

పాత ఫొటోల పని తెలిసినవాళ్లే వాటిని విప్పాలి. ఒక్కసారిగా ఎండలోకి తేకూడదు.

ఆ గది ఆ పనికే తిరిగి ఇవ్వాలి.

ఇచ్చినవాళ్ల పేర్లు, ఫొటోల్లో ఉన్నవాళ్ల పేర్లు రాయాలి.

తమ వస్తువు చూసుకోవడానికి వచ్చినవాళ్లను గేటు దగ్గర ఆపకూడదు.

దర్శి ఆమెను కాలేజీయే పిలిపించాలి. వాళ్లమ్మ మొహం ఎంత మిగిలితే అంత, అందరికంటే ముందు ఆమెకు చూపించాలి.