మూగబొమ్మకు నేను మాట అరువిచ్చిన వైనం

విఘ్ననాయకునికి మొక్కి, గురుపాదాలను స్మరించి, వాగ్దేవికి మాత్రం ముందుగానే క్షమాపణ చెప్పుకొని ఈ ముచ్చట మొదలుపెడుతున్నాను; ఇందులో ఆ తల్లికి చేయడానికి పనేమీ లేదు. ఫాల్గుణ బహుళ దశమి, గురువారం. సూరత్ నగరం, ఉధ్నా.

నా పడుచు రోజులలో మాట లేనిదే మనిషి లేడని నా దృఢవిశ్వాసం. ప్రాచ్య కళాశాలలో ఛందస్సును, అలంకారశాస్త్రాన్ని కంఠస్థం చేసి, అన్నానికి పిలిస్తే సమాసంతోను, నీళ్లు కావలసివస్తే సంధితోను పలికేవాణ్ణి. (మా అమ్మ నన్ను భోజనానికి రెండోసారి పిలిచేది కాదు, నా జవాబు ముగిసేలోగా కూర చల్లారేది.) ఇంతటి విద్వాంసునికి కరీంనగరం చుట్టుపట్ల ఒక్క బడి కూడా తలుపు తీయలేదు. అప్పుడు సూరత్‌లో మరమగ్గాలు నడిపే మా మేనమామ కబురుపెట్టాడు: అక్కడి మనవాళ్ల సంఘం పిల్లలకొక తెలుగుబడి పెట్టబోతున్నదని, పంతులు కావాలని. నేను రైలు దిగేసరికే మామ ఉధ్నాలోని తన అద్దెగదిలో సగం నాకు ఖాళీ చేసి, గల్లీ అంతటా మా అల్లుడు బడిసారని చాటివేశాడు. ఇక ఉద్యోగం రాకపోతే నేను ఊరికి పోతే సరిపోతుంది. ఆయన మాత్రం ఆ గల్లీలోనే తల దించుకొని తిరగాలి.

సంఘం పెద్దను అందరూ బీము పెద్దయ్య అనేవారు. మగ్గానికి ఎక్కించే నూలు చుట్టిన బీము ఎంత గుండ్రంగా ఉంటుందో, నలుగురు పట్టనిదే ఎలా కదలదో, ఆయనా అంతే. సంఘం వారు ఆ ఆదివారం మైదానంలో ఒక పాత మూగచిత్రం వేయదలిచారు. మాటలు లేనిది కనుక తక్కువకు దొరికిందట. మాటలు లేవని తెలిశాక పెద్దయ్యకు బెంగ పట్టుకుంది. మామ నన్ను ఆయన ముందు నిలబెట్టాడు. నేను నమస్కార పద్యం అందుకోబోయాను. ఆయన చేయెత్తి ఆపాడు.

“బొమ్మల మాటల్లేవు. మాటలు నువ్వు చెప్పాలె. జనం నవ్విన్రా, బడి నీది. లేచిపోయిన్రా, నువ్వు గూడ తెల్లారి బండికి లేచిపోవుడే.”

నేను వారం పాటు వ్యాఖ్యానం రచించాను. ఆ చిత్రంలో బిగుతుకోటు, చిరిగిన బూట్లు, గిన్నెవంటి టోపీ గల ఒక సన్నపాటి తెల్లవాడు నిచ్చెన మోసుకుంటూ పోయి, దారిన పోయే పెద్దమనుషులందరినీ కూల్చి, చివరకు తానూ కూలతాడని విన్నాను. పాపం, నోరులేనివాడు. ఆ దీనునికి వాక్ప్రదానం చేసే భాగ్యం నాకు దక్కిందని పొంగిపోయి, ఆ నిచ్చెనమీద ఒక సీసము, ఆ టోపీమీద రెండు కందాలు కూర్చాను. పోలీసువాని పొట్టను వర్ణించిన వచనం ఒక్క ఊపిరిలో చదవవలసినది. మామ ఎదుట సాధన చేసి రెండుసార్లు సొమ్మసిల్లబోయాను. మామ నా పెదవులవంకే చూస్తూ తలాడించాడు. ఏళ్ల తరబడి మగ్గాల మోత విని ఆయనకు చెవి సగం పోయింది. అయినా ఆ తలాడింపును నేను రసజ్ఞత ఖాతాలోనే వేసుకున్నాను.

ఆదివారం సాయంత్రం మైదానం కిటకిటలాడింది. రెండు వాసాల నడుమ, రంగు వేయని మిల్లుబట్ట తెరగా బిగించారు. తెర పక్కన ముక్కాలిపీట ఎక్కి, పట్టు ఉత్తరీయం సవరించుకొని, మైకు ముందు నిలుచున్నాను. లౌడుస్పీకర్లు దూరంగా జనంవైపు తిరిగి ఉన్నాయి. ముందువరుసలో పెద్దయ్యకు సోఫా, ఆయన ముఖానికెదురుగా, తెర కిందనే, అటూ ఇటూ తిరిగే నిలువుపంఖా. దీపాలార్పారు. బొమ్మ కదిలింది. నేను ఇష్టదేవతాప్రార్థనతో ఆరంభించాను.

రెండో చరణంలోనే జనం గొల్లున నవ్వారు. ప్రార్థనకే ఇంతటి స్పందనా అని నివ్వెరపోయాను. నిచ్చెన సీసానికి చేయి చాచితే మైదానం దద్దరిల్లింది. (నా చేతినీడ తెరమీద పడి ఆ తెల్లవాని ముక్కు పిండుతున్నదని నాకేం తెలుసు.) పంఖా గాలికి ఉత్తరీయం ఎగిరి నా తలకు చుట్టుకుంది, దాని లోపలినుండే కందం పూర్తిచేశాను. పిల్లలు మళ్లీ, మళ్లీ అని కేకలు వేస్తే, అభ్యర్థన మన్నించి అదే కందం తిరిగి చదివాను, చేయి మళ్లీ చాచి. పోలీసుపొట్ట వచనం చివరిమాటకు ఊపిరి అందక పీటమీదినుండి పడ్డాను. సరిగ్గా ఆ క్షణానే తెరమీద వాడూ నిచ్చెనమీదినుండి పడ్డాడు. అంతటి కరతాళధ్వనులు నా జీవితంలో మళ్లీ వినలేదు.

దీపాలు వెలిగాక బీము పెద్దయ్య నలుగురి సాయంతో లేచి, నా భుజం తట్టి, సభ వినేలా అన్నాడు: “ఎంత మంచి తెలుగయ్యా. గీ తెలుగు మన పిల్లలకు రావాలె. బడి నీదే.” మామ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, నావి ఉత్తరీయపు జరీ గుచ్చుకొని నీరుకారుతున్నాయి.

మర్నాడు మామ పనిచేసే కార్ఖానా ముందు, చాయ్ బండి వద్ద నిలుచుంటే, వచ్చినవాడల్లా నన్ను చూసి గాలిలో ముక్కు పిండి నవ్వి పోతున్నాడు. కీర్తి ఇంతలో వ్యాపించినందుకు లోలోపల మురిసి, మామ పక్క మగ్గం నడిపే నడివయసు మనిషిని ఏ పద్యం బాగున్నదని అడిగాను. అతడు గ్లాసు దించాడు.

“పద్యమెప్పుడు సదివిన్రు సార్?”

నేను సీసంలో మొదటిపాదం అందించాను. అతడు జాలిగా విన్నాడు.

“మైకు వైరు పీకి పెద్దయ్యకు పంఖా పెట్టిన్రు గద సార్. మొదటి సంది మీ మాట ఒక్కటి ఇనవడలేదు.”

“మరి ఎవరూ చెప్పలేదేం?”

“ఏమని చెప్తం? సాంచెల మోతకు మగ్గాల కాడ పొద్దంత పెదవులు జూసే సమజ్ చేసుకుంటం. ఇనవడ్తలేదని ఎవ్వడన్న అంటడా? సంఘమోళ్లు ఇద్దరు మూగోళ్లను పట్టుకచ్చిన్రు, తెర మీద ఒకడు, తెర పక్కన ఒకడు అనుకున్నం.” అతడు నన్ను ఓదార్చదలచి కాబోలు, మెల్లగా అన్నాడు: “ఫికర్ చేయకుండ్రి. పక్కనోడే మస్తు చేసిండు.”

నా తెలుగును మెచ్చి బడి అప్పగించిన పెద్దయ్య ఆ పంఖాగాలిలో ఏ తెలుగు విన్నాడో నేటికీ తెలియదు. వెంటనే పోయి నిజం చెప్పివేయాలని ఆవేశంతో కదిలాను. మామ దారికడ్డంగా నిలిచి చూపుడువేలు పెదవులకు ఆనించాడు. ఆయన గదిలో సగం, గల్లీలో ఆయన పరువు మొత్తం ఆ వేలిమీద ఉన్నాయి. ఆగిపోయాను. ముప్పయ్యేళ్లకు పైగా ఆ బడిలో వ్యాకరణం చెప్పాను; ఆ కాలమంతా పిల్లలు నాకు పెట్టుకున్న పేరు మూగసారు.

ఇప్పుడు ఈ నగరంలోని భేస్తాన్‌లోను, అమ్రోలిలోను కుర్రవాళ్లు పని నడుమ ఫోను తీసి అదే సన్నపాటి తెల్లవాణ్ణి చూసి నవ్వుకోవడం చూస్తున్నాను. వాడికి తెలుగూ అక్కరలేదు, హిందీ, గుజరాతీ అక్కరలేదు; చుట్టూ మగ్గాలు ఎంత మోగినా వాడికి పోయేదేమీ లేదు. వాని మహత్తుమీద విద్వాంసులు ఉపన్యాసాలిస్తారు. ఆ ఉపన్యాసాలకు వెళ్లినవాళ్లు ఇంటికి పోయి వాణ్ణి చూసి నవ్వుకొని అలసట తీర్చుకుంటారు. నిన్న సంఘం పనులు చూసే అమ్మాయి, నా పాత శిష్యుని కూతురు, ఫోను చేసింది. మళ్లీ మూగచిత్రం వేస్తున్నారట, ముందుగా నేను నాలుగు మాటలు చెప్పాలట. “ఈసారి మైక్ ఏక్‌దమ్ సరస్ ఛే, మస్తుగుంది తాతా. టెన్షన్ తీసుకోకుండ్రి.” టెన్షన్ అక్కడే మొదలైంది.

చైత్ర శుద్ధ పంచమి, ఆదివారం: ఉధ్నాలో సభ జరిగింది. మైకు చక్కగా పనిచేసింది. నా ప్రతి మాటా చివరి వరుసదాకా స్పష్టంగా వినిపించింది. ఎవరూ నవ్వలేదు. నేను కూర్చున్నాక బొమ్మ వేశారు. అందరూ నవ్వారు, నేను కూడా.