సిరిసిల్ల తొట్టెలకు బయల్దేరి కోరుట్లలో ఆగిపోయిన కారు

జగిత్యాల నుంచి సిరిసిల్లకు వేములవాడ మీదుగా తిన్నగా వెళ్లొచ్చు. మేం మాత్రం కోరుట్ల చుట్టు తిరిగి వెళ్లాం. కారణం మా అత్తమ్మ. సిరిసిల్లలో ఉండే ఆమె చెల్లెలికి, అంటే మా చిన్నత్తమ్మకు, మనవరాలు పుట్టింది. ఆ రోజు పాపను ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక. అక్కాచెల్లెళ్లకు రెండేళ్లుగా మాటలు లేవు. ఒక పెళ్లిలో అత్తమ్మ చేసిన సకినం కొరికి, "పండ్లు ఊడుతయక్కా" అని చిన్నత్తమ్మ పదిమందిలో అనేసింది. అంతే. ఇప్పుడు తనే తగ్గి ఫోన్ చేసి, పాపను నువ్వే తొట్టెలో వెయ్యాలంది. కాకపోతే చివర్లో, "పన్నెండు లోపట రాకుంటే నాకు అక్క లేదనుకుంట" అని బెదిరించి పెట్టేసింది. పాపకు వెండి కడియాలు తమ పుట్టినూరు కోరుట్లలోనే కొనాలని అత్తమ్మ పట్టుబట్టింది.

మా సందు ఇరుకు. అందులోంచి కారు వెనక్కి తీయడం నాకింకా చేతకాదు. మా ఆయన రాజేందర్ తీసి రోడ్డు మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే దిగి, "మెల్లగ పో" అని చెయ్యూపాడు. కదలగానే కారు కీచుకీచుమని మొత్తుకుంది. "అత్తమ్మా, బెల్టు పెట్టుకోలేదు" అన్నాను. "పెట్టుకున్న బిడ్డా, ఊపిరాడుతలేదు" అంది. అయినా మేడిపల్లి దాకా బెల్టు గురించే క్లాసు పీకాను. పొద్దున పూట లారీలు తక్కువ. ముప్పావు గంటలో కోరుట్ల చేరాం. వెండి దుకాణం ఎదుటే కారు ఆపి, కళ్ల ముందే ఉంది కదా అని తాళం వేయకుండా ఇద్దరం వెళ్లి కడియాలు తీసుకుని వచ్చాం. స్టార్ట్ బటన్ నొక్కాను. చలనం లేదు. మళ్లీ నొక్కాను. తెర మీద ఏదో చిన్న బొమ్మ మిణుకుమంది. తలుపు సరిగా పడలేదనుకుని నాలుగు తలుపులూ తీసి వేశాను. అత్తమ్మ వైపు తలుపు రెండుసార్లు.

కోరుట్లలో కారు ఆగితే సలహాలకు కరువుండదు. పెట్రోలు అయిపోయిందన్నారొకరు. ఎలుకలు వైరు కొరికాయన్నారింకొకరు. నలుగురు కలిసి వెనక నుంచి తోశారు. కారు ఊగింది తప్ప అంగుళం జరగలేదు. ఇది ఆటోమేటిక్ గేరు బండి, నూకితే స్టార్ట్ కాదని నేను చెప్పేసరికే వాళ్లకు చెమటలు పట్టాయి. పక్క వీధి నుంచి మెకానిక్ లతీఫ్ భాయ్ వచ్చాడు. బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగలు ఊడదీసి, గీకి, మళ్లీ బిగించాడు. వేరే కారు తెప్పించి దాని బ్యాటరీతో కలిపాడు. లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, ఇంజిన్ మాత్రం ఉలకలేదు. అత్తమ్మ సకినాల డబ్బా తీసి అందరికీ పంచింది. "గట్టిగున్నయా తమ్మీ?" అని లతీఫ్ భాయ్‌ని నిలదీసింది. నోట్లో పటపటా చప్పుడవుతుంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

అంతలో చిన్నత్తమ్మ వీడియో కాల్ చేసింది. వెనక చుట్టాలు, పూల తొట్టె కనిపిస్తున్నాయి.

"రాను ఇష్టం లేకుంటే రానని చెప్పక్కా. బండి ఖరాబైందని కతలు చెప్పకు."

"నేను కతలు చెప్తున్ననా? సూడు, నీ కండ్లతోని సూడు" అంటూ అత్తమ్మ ఫోన్‌ను బానెట్‌లోకి దూర్చింది. కడియాల పొట్లం ఒళ్లో పెట్టుకుని కొంగుతో కళ్లద్దుకోవడం చూసి నాకు భయం వేసింది. ఈసారి తెగితే ఇక అతకదు.

లతీఫ్ భాయ్ ఫోన్ ముందుకు వంగి ఒట్టేశాడు. "కసమ్ అమ్మా, బండి నిజంగనే చాలు అయితలేదు." తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, చాబి ఇయ్యుండ్రి. దాంట్ల సెల్లు అయిపోయిందేమో సూస్త" అన్నాడు.

బ్యాగులో చెయ్యి పెట్టాను. తర్వాత బ్యాగే బోర్లించాను. తాళంచెవి లేదు. నా ఫోన్‌లో రాజేందర్‌కు చేసి స్పీకర్ పెట్టాను.

"కారు చాబి నీ దగ్గరున్నదా?"

"నా దగ్గరెందుకుంటది? నువ్వు బండి నడుపుకుంట పోయినవ్ కదా." జేబు తడుముకుంటున్న చప్పుడు. తర్వాత చాలా చిన్న గొంతుతో, "ఉన్నది" అన్నాడు.

రోడ్డంతా నవ్వింది. సిరిసిల్ల నుంచి అందరికంటే పెద్ద నవ్వు. "అరేయ్ రాజుగా! బడికి పోయినప్పుడు పలక మరిచిపోదువు, గిప్పుడు కారు చాబి!"

"పలకనే కాదే, ఓసారి సంచి కూడ మరిచిండు" అంది అత్తమ్మ.

"నువ్వు గారాబం జేసినవక్కా."

"నేనా? సెలవులకు నీ దగ్గరికి తోలితే నువ్వే ఖరాబు జేసినవ్!"

ఇద్దరూ కలిసి రాజేందర్‌ను పావుగంట ఉతికారు. రెండేళ్ల మాటలన్నీ అందులోనే కలిసిపోయాయి. "మెల్లగ రండ్రి. తొట్టెల ఆపుత, పిల్ల యాడికి పోతది?" అని చిన్నత్తమ్మ ఫోన్ పెట్టింది. రాజేందర్ మోటారు సైకిల్ మీద వచ్చి, హెల్మెట్ తీయకుండానే చాబి ఇచ్చాడు. చూపగానే కారు లేచింది. పొద్దున అది కీచుకీచుమన్నది బెల్టుకు కాదు, చాబికని అప్పుడర్థమైంది. లతీఫ్ భాయ్ రెండు వందలు తీసుకుని, సకినాలు మాత్రం వద్దన్నాడు.

కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా గంటన్నరలో సిరిసిల్ల చేరాం. రుద్రంగి దగ్గర రోడ్డు బాగుంది, చుట్టూ పచ్చగా ఉంది, కానీ అత్తమ్మ దేన్నీ చూడలేదు. చిన్నత్తమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఇద్దరూ చేతులు పట్టుకుని లోపలికి వెళ్లారు. అత్తమ్మ పాపను తొట్టెలో వేసి, నిద్రపోయే దాకా ఊపుతూనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఆమెను అక్కడే వదిలి రావాల్సి వచ్చింది. నాలుగు రోజులుంటానంది.

ఆలోచిస్తే, ఆ కారు మామూలుగా నడిచి ఉంటే మేం టైముకు చేరి, ముభావంగా భోంచేసి, ముభావంగానే తిరిగొచ్చేవాళ్లమేమో. ఆగిపోవడం వల్ల ఇద్దరికీ కలిసి తిట్టడానికి ఒక మనిషి దొరికాడు. మీరు ఈ దారిలో వెళ్తుంటే ఒక్క జాగ్రత్త: బటన్ కారుకు ఇంజిన్ ఒకసారి మొదలయ్యాక తాళంచెవి దూరమైనా బండి నడుస్తూనే ఉంటుంది, ఆపాకే మొండికేస్తుంది. వేరేవాళ్లు స్టార్ట్ చేసి ఇచ్చిన కారు కదిలించే ముందు, చాబిని చేత్తో తాకి చూసుకోండి.