తాడు ఏం చెప్పింది?

ఈ సంగతి ఎన్నిసార్లు ఎత్తినా ఇప్పటిదాకా ఎవరూ నాకు సమాధానం చెప్పలేదు. నవ్వి మాట మార్చేస్తారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో, సింగపూర్‌లో పాయా లేబర్ అనే పేటలోని మా ఆఫీసు మేనేజర్‌ను అందరం అంకుల్ అనేవాళ్ళం. తాతల కాలంలోనే అక్కడికి చేరిన తెలుగు కుటుంబం ఆయనది. ఏ గొడవ తీసుకెళ్ళినా ముందు అరచెయ్యి బల్లమీద ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ తర్వాతే మాట్లాడేవారు. ఆ అలవాటు ఎక్కడిదో ఆయన షికారు పడవను, ఆ యాట్‌ను, మేం ఎక్కిన రోజు తెలిసింది.

ఒక ఆదివారం మమ్మల్ని ఓ దీవికి తీసుకెళ్ళి, గాలికి అడ్డులేని ఇసుక తీరం ముందు లంగరు వేశారు. అందరూ భోజనాలకు కూర్చున్నారు. ఒడ్డున చెట్టు వెనక దాగి ఉన్న దీపస్తంభం కాసేపటికి పక్కకు వచ్చి కనిపించింది.

“అంకుల్, లంగరు జారుతోంది. తీరం చివర ఆ రాళ్ళవైపు పోతున్నాం,” అన్నాను.

“పడవ ఊగుతోందిరా బాబూ, నీకు తల తిరుగుతోంది. మమ్మల్ని మకాన్ చెయ్యనీ, నాలుగు ముద్దలు తిననీ,” అన్నాడు ఆఫీసులో నా పక్క సీటువాడు. అందరూ నవ్వారు.

అంకుల్ నవ్వలేదు. “ఆగు లా, తాడు చెప్తుంది,” అని సింగపూర్ యాసలో అంటూ లంగరు తాడుమీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. లంగరు జారితే తాడు వణుకుతుందట. కాసేపటికి లేచి, ఏమీ చెప్పకుండా లంగరు ఎత్తించి, దీవి చాటున మళ్ళీ వేశారు.

మర్నాటి నుంచి ఆఫీసులో నా పేరు ‘లంగరు’. ఆయన విని ఊరుకున్నారు. నేను అన్నది నిజమైతే నలుగురిలో ఆ మాట అనాల్సింది. నా భయం చూసి జాలిపడి కదిలారా? ఆ జాలి నాకు అక్కర్లేదు.

అంకుల్, ఈ ఆదివారం బెడోక్‌లో మీ ఇంటికి వస్తున్నాను. టీ వద్దు. ఆ తాడు వణికిందా, లేదా? అది చెప్పండి.