పాదాలు వేయని బాబాయి

డాన్సు టీచరమ్మ వాళ్ళ బాబాయి, ఆమె దగ్గర బాలే నాట్యం నేర్చుకునే పిల్లల బొమ్మలు ఎన్ని వేశాడో లెక్కలేదు గానీ, ఒక్కదానికీ పాదాలు వేసిన పాపాన పోలేదు.

ప్రాక్టీసు అయ్యాక బూట్లు విప్పి కూర్చున్న పిల్లల్నే ఆయన వేసేవాడు. అలసి వాలిన చేతులు, చెమటకి అంటుకున్న ముంగురులు సుద్దరంగుల్లో ప్రాణం పోసుకునేవి. చీలమండల దగ్గరికి వచ్చేసరికి కాయితం అయిపోయేది. టీచరమ్మ ఒకసారి తలుపంత అట్ట తెచ్చి ఇచ్చింది. బాబాయి దాని మీద పైకప్పు, పంకా, కిటికీ అన్నీ వేసి, పిల్లని మాత్రం చీలమండల దాకా దించి ఆపేశాడు. పాదాలేవని అడిగితే సుద్ద విరిగిందని చెప్పి, ముక్కుకి అంటిన గులాబీరంగు పొడి తుడుచుకునేవాడు. తుడిచేకొద్దీ అది చెవుల దాకా పాకేది.

ఆ రోజులు తలుచుకుంటే టీచరమ్మకి ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. డాన్సు బడి వార్షికోత్సవానికి హాలు గోడంతా ఆయన బొమ్మలే పెట్టాలనుకున్నారు. డెబ్బై ఏళ్ళలో ఆయన బొమ్మ గోడెక్కడం అదే మొదలు. ఆ రోజుకని కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు.

"బాలే అంటేనే పాదాలు, బాబాయ్. అవి లేకపోతే ఒక్క బొమ్మా పెట్టను," అంది టీచరమ్మ.

"అయితే వద్దులేమ్మా," అని ఆయన బొమ్మల మధ్య పల్చటి కాయితాలు పెట్టి కట్ట కట్టడం మొదలుపెట్టాడు.

మూలన కాలివేళ్ళకి పట్టీ వేసుకుంటున్న పొడుగుపిల్ల లేచి వచ్చింది. రెండేళ్ళ కిందట ఆయన ఇక్కడ బొమ్మలు మొదలుపెట్టిన కొత్తలో తన కాలిగోళ్ళు నల్లబడ్డాయని, బొమ్మలో అమ్మ చూస్తే బాలే మాన్పిస్తుందని భయపడి, పాదాలు వేయొద్దని ఈ తాతయ్యని బతిమాలుకున్నానని చెప్పింది. తనొక్కదానికే లేకపోతే ఎవరైనా ఆరా తీస్తారని ఆయన అందరికీ ఎగ్గొట్టాడట. టీచరమ్మకి సిగ్గేసింది.

"నిన్న అమ్మకి నేనే చూపించేశాను. తిట్టింది, మందు రాసింది, మాన్పించలేదు. ఇంక వేసెయ్యండి తాతయ్యా," అని ఆ పిల్ల కాళ్ళు చాపి కూర్చుంది.

బాబాయి గంటసేపు చెమటోడ్చాడు. టీచరమ్మ వంగి చూసింది. కాయితం మీద రెండు చిలగడదుంపలు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. పిల్ల తన కాళ్ళ వంకా బొమ్మ వంకా మార్చి మార్చి చూసింది.

"నిజం చెప్పొద్దూ, పాదాలు నాకు మొదట్నుంచీ రావమ్మా," అన్నాడు బాబాయి. "ఈ పిల్ల వద్దని అడిగినప్పుడు ప్రాణం లేచొచ్చిందనుకో."

టీచరమ్మ కాయితం అడుగు అంచుని చీలమండల దాకా వెనక్కి మడిచి, బొమ్మని గోడకి బిగించింది.